పాత బుల్లెట్, యెజ్డీలకు చైన్ సెట్ మార్చేముందు: అరిగింది ఏది, మార్చాల్సింది ఏది?

పాత బుల్లెట్ మీద సిగ్నల్ దగ్గర ఆగి, పచ్చ లైటు పడగానే క్లచ్ వదిలితే కింద ఎక్కడో 'టక్' మని ఒక దెబ్బ వినిపిస్తుంది. బండి ముందుకు ఒక కుదుపు ఇచ్చి కదులుతుంది. నడిపేవాళ్ళు చాలామంది దీన్ని పట్టించుకోరు, పాత బండి కదా, అలాగే ఉంటుంది అనుకుంటారు. కొత్తగా షోరూం నుంచి వచ్చిన రోజున అదే బండి ఆ చప్పుడు చేయలేదు. ఇంజన్ బలాన్ని వెనక చక్రం దాకా మోసుకెళ్ళే సామాన్లలో ఏదో ఒకటి అరిగి వదులైంది, అందుకే ఆ దెబ్బ.

ఆ దారి ఏమిటో ఒకసారి చూద్దాం. ఇంజన్ క్రాంక్ చివర ఒక చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. దాని నుంచి ఎడమ పక్క కేసు లోపల ఉండే ప్రైమరీ చైన్ క్లచ్‌ను తిప్పుతుంది. క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌కు, గేర్‌బాక్స్ నుంచి ముందు స్ప్రాకెట్‌కు, అక్కడి నుంచి మనకు బయట కనిపించే చైన్ ద్వారా వెనక స్ప్రాకెట్‌కు, చివరికి హబ్ లోపలి రబ్బర్ల మీదుగా చక్రానికి బలం చేరుతుంది. ఇందులో ఏ ఒక్కటి వదులైనా ఆ దెబ్బ మిగతా అన్నిటి మీదా పడుతుంది. అందుకే కేవలం చైన్ కొని వేయించుకున్నవాళ్ళు ఆరు నెలలకే మళ్ళీ మెకానిక్ షెడ్డుకు రావాల్సి వస్తుంది.

మన ప్రాంతంలో ఇంకా రోడ్డు మీద తిరుగుతున్న పాత బండ్లు ప్రధానంగా నాలుగు రకాలు. 1955 నుంచి మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, 1961లో మైసూరులో మొదలై 1996లో మూతపడిన ఐడియల్ జావా వారి జావా, యెజ్డీలు, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్, ఆ తర్వాత వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100. పాల క్యాన్లు కట్టుకుని ఊళ్ళ నుంచి బెజవాడ వచ్చిన రాజ్‌దూత్‌లు ఇప్పుడు అరుదు. బుల్లెట్లు మాత్రం తండ్రి నుంచి కొడుక్కి చేరి ఇంకా నడుస్తున్నాయి. కాబట్టి ఇక్కడ ఎక్కువగా పాత పోత ఇనుము ఇంజన్ బుల్లెట్ 350 గురించే చెప్పుకుందాం, మధ్యలో యెజ్డీని కలుపుకుందాం.

చైన్ నిజంగా సాగుతుందా?

'చైన్ సాగిపోయింది' అని అందరూ అంటారు. ఇనుము రబ్బరులాగా సాగదు. చైన్‌లో ప్రతి లింకుకూ ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్ ఉంటాయి. గ్రీజు ఎండిపోయి ఇసుక చేరాక పిన్ను, బుష్ ఒకదాన్నొకటి గీరుకుంటాయి. ఒక్కో జాయింటులో వెంట్రుక మందం ఖాళీ ఏర్పడుతుంది. తొంభై, వంద జాయింట్లలో ఆ ఖాళీలన్నీ కలిపితే చైన్ రెండు మూడు సెంటీమీటర్లు పొడవవుతుంది. అసలు నష్టం పొడవు వల్ల కాదు. లింకుకూ లింకుకూ మధ్య దూరం మారిపోతుంది, స్ప్రాకెట్ పళ్ళ మధ్య దూరం మాత్రం పాతదే. చైన్ ఇక పంటి అడుగున కూర్చోదు, పైకెక్కి కూర్చుంటుంది. బలమంతా రెండు మూడు పళ్ళ మీదే పడి, అవి ఒక పక్కకు కొడవలిలాగా వంగి అరుగుతాయి.

కృష్ణా డెల్టాలో ఇది తొందరగా జరగడానికి కారణాలు మన కళ్ళ ముందే ఉన్నాయి. కాలవ గట్ల మీద మెత్తటి దుమ్ము. వరి కోతలప్పుడు రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం, దాని పొట్టు. ఉయ్యూరు వైపు చెరకు ట్రాక్టర్లు రోడ్డు మీద వదిలే మట్టి. అవనిగడ్డ దాటి నాగాయలంక, కోడూరు వైపు వెళ్తే సముద్రపు ఉప్పుగాలి, రొయ్యల చెరువులు. బందరులోనూ అంతే. ఉప్పుగాలి తగిలే ఊళ్ళో బండి వాడకుండా నెల రోజులు నిలబెట్టినా చైన్ మీద ఎర్ర తుప్పు కనిపిస్తుంది.

టేపుతో ఇంట్లోనే కొలుచుకోవచ్చు

దీనికి మెకానిక్ అక్కర్లేదు. బట్టలు కొలిచే టేపు కాదు, ఇనుప టేపు కావాలి. బుల్లెట్ చైన్‌లో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం అంగుళంలో 5/8 వంతు, అంటే 15.875 మిల్లీమీటర్లు. ఒక పిన్ను మీద వేలు పెట్టి దాన్ని సున్నా అనుకుని 24వ పిన్ను దాకా లెక్కపెడితే కొత్త చైన్ సరిగ్గా 15 అంగుళాలు ఉంటుంది. కొలిచేటప్పుడు చైన్ బిగువుగా లాగి ఉండాలి. 15 అంగుళాల పావు వచ్చిందంటే డబ్బు సిద్ధం చేసుకోవాలి. 15.3 దాటితే రెండు శాతం అరిగినట్టు, ఇక దాన్ని వాడకూడదు.

అర అంగుళం చైన్ ఉన్న బండ్లకు లెక్క ఇంకా సులువు. 24 పిన్నులకు 12 అంగుళాలు. 12 అంగుళాల పావు వస్తే తీసేయాల్సిందే. మీ బండిది ఏ చైనో తెలియకపోతే లింకు పక్కన కొట్టిన అంకె చూడండి. 428 అయితే మొదటి 4 అంటే అంగుళంలో ఎనిమిదో వంతులు నాలుగు, అంటే అర అంగుళం. 520, 530లలో మొదటి 5 అంటే 5/8. మిగతా రెండు అంకెలు వెడల్పుకు సంబంధించినవి. షాపులో '5/8 చైన్' అని మాత్రం అడిగి తెచ్చుకుంటే వెడల్పు తేడా పడి తిరిగి వెళ్ళాల్సి వస్తుంది. కాబట్టి పాత చైన్ ముక్క జేబులో వేసుకుని వెళ్ళడమే మంచిది.

టేపు లేకపోతే ఇంకో పరీక్ష ఉంది. వెనక స్ప్రాకెట్‌కు సరిగ్గా వెనక చివర, చైన్‌ను వేలితో వెనక్కి లాగండి. అది పంటి మీద నుంచి లేచి సగం పన్ను కనిపిస్తే దాని పని అయిపోయినట్టే.

ముందు స్ప్రాకెట్‌ను ఎందుకు మర్చిపోతారు?

చాలా 350 బుల్లెట్లలో ముందు 16 పళ్ళు, వెనక 38 పళ్ళు. అంటే వెనక చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ముందు స్ప్రాకెట్ 2.375 చుట్లు తిరుగుతుంది. ముందు పళ్ళ మీద రెట్టింపుకు మించిన పని. ముందుగా అరిగేది అదే, చివరిదాకా మార్చకుండా వదిలేసేదీ అదే. కారణం దాన్ని చేరుకోవడం కష్టం.

యమహా ఆర్‌ఎక్స్‌లో ఒక చిన్న కవరు తీస్తే ముందు స్ప్రాకెట్ ఎదురుగా ఉంటుంది. పాత బుల్లెట్‌లో అది క్లచ్ వెనకాల దాక్కుని ఉంటుంది. ఎడమ పక్క ఫుట్‌రెస్ట్ తీయాలి. మధ్యలో ఒకే నట్టు మీద నిలిచే పెద్ద కవరు తీయాలి, దానికి ముందు కింద పళ్ళెం పెట్టుకోవాలి, లోపలి ఆయిల్ మొత్తం కారిపోతుంది. ఆల్టర్నేటర్ ఉన్న మోడల్ అయితే దాన్ని విప్పాలి. ప్రైమరీ చైన్‌కు లాక్ ఉండదు, కాబట్టి ఇంజన్ స్ప్రాకెట్, క్లచ్, ఆ చైన్ మూడూ కలిపి ఒకేసారి బయటికి లాగాలి. ఆ తర్వాత లోపలి కేసు. అప్పుడు కనిపిస్తుంది ముందు స్ప్రాకెట్.

ఇంత పని ఉంది కాబట్టే, తొందరగా డెలివరీ ఇవ్వాలనుకునే చోట చైన్ మాత్రం మార్చి బండి ఇచ్చేస్తారు. మీరు డబ్బు ఇచ్చేటప్పుడు పాత ముందు స్ప్రాకెట్ చేతికి ఇమ్మని అడగండి. ఇవ్వలేకపోతే మార్చలేదన్నమాట. ఈ ఒక్క మాట అడిగితే సగం గొడవలు ఉండవు.

సొంతంగా చేసుకునేవాళ్ళు, షాగిర్దులుగా పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, ముందు స్ప్రాకెట్ నట్టు వదులయ్యేదాకా పాత వెనక చైన్ తీయకూడదు. చైన్ ఉంటేనే వెనక బ్రేకు బిగించి పట్టుకుంటే స్ప్రాకెట్ కదలకుండా నిలుస్తుంది. ముందే చైన్ తీసేసి, ఆ తర్వాత స్ప్రాకెట్ పళ్ళ మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి సుత్తితో కొట్టేవాళ్ళను చూస్తూనే ఉంటాం. ఆ దెబ్బ గేర్‌బాక్స్ షాఫ్టుకు తగులుతుంది. రెండు, క్లచ్‌ను ఊడదీయడానికి దానికి తగిన పుల్లర్ వాడాలి. రెండు పక్కలా రాడ్లు పెట్టి పీకితే క్లచ్ డ్రమ్ము వంకరపోతుంది, అప్పుడు కొత్త ప్లేట్లు వేసినా క్లచ్ ఊగుతూనే ఉంటుంది.

అంతదాకా విప్పాక ఆ స్ప్రాకెట్ వెనక ఉన్న ఆయిల్ సీలు కూడా మార్చేయండి. సీలు ఖరీదు తక్కువ, మళ్ళీ ఇదంతా విప్పే కూలి ఎక్కువ.

క్లచ్ పోయిందా, కేబుల్ బిగుసుకుందా?

కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ గొంతు పెరుగుతుంది, బండి వేగం పెరగదు. అది క్లచ్ జారడం. వెంటనే ప్లేట్లు కొనకండి. ముందు హ్యాండిల్ దగ్గర క్లచ్ లీవరును వేలితో కదిపి చూడండి. రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీగా కదలాలి. ఆ ఖాళీ లేకపోతే కేబులే క్లచ్‌ను సగం నొక్కి పట్టుకుని ఉంది. ఖాళీ సరిచేశాక కూడా జారితే అప్పుడు ప్రైమరీ కేసులో ఏ ఆయిల్ పోశారో చూడాలి. ఇంజన్‌కు మంచిదని కారు ఆయిల్ తెచ్చి ఇక్కడ పోస్తే ప్లేట్లు జారతాయి. మోడల్ పుస్తకంలో రాసిన గ్రేడే పోయాలి, రాసిన కొలతకు మించి పోయకూడదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే ప్లేట్ల సంగతి. ఇనుప ప్లేట్లను అద్దం ముక్క మీద పడుకోబెట్టి చూస్తే వంకర తెలిసిపోతుంది. స్ప్రింగులన్నీ పక్కపక్కన నిలబెడితే పొట్టిది కనిపిస్తుంది. ఒక్కటి పొట్టిగా ఉన్నా మొత్తం సెట్ మార్చాలి. క్లచ్ డ్రమ్ము గాళ్ళలో ప్లేట్ల చెవులు కోసిన గుంతలు ఉంటే క్లచ్ పూర్తిగా వదలదు, న్యూట్రల్ దొరక్క చంపుతుంది. చిన్న గుంతలైతే ఆకురాయితో సాపు చేయొచ్చు, లోతైనవైతే డ్రమ్మే మార్చాలి.

కవరు తీసినప్పుడు ప్రైమరీ చైన్ కింద ఉండే టెన్షనర్‌నూ చూడండి. దాని వంపు మీద చైన్ రెండు కాలవలు తవ్వి ఉంటే మార్చాలి. ప్రైమరీ చైన్ మధ్యలో పావు అంగుళం ఊగితే సరిపోతుంది. పియానో తీగలాగా బిగిస్తే క్రాంక్ బేరింగు పోతుంది.

వెనక స్ప్రాకెట్: బుల్లెట్‌తో వచ్చే అసలు చిక్కు

మిగతా బండ్లలో వెనక స్ప్రాకెట్ నాలుగైదు బోల్టులు విప్పితే ఊడి వస్తుంది. పాత డ్రమ్ బ్రేకు బుల్లెట్‌లో అలా కాదు. స్ప్రాకెట్ పళ్ళు, బ్రేకు డ్రమ్ము ఒకే పోతలో వచ్చిన ఒకే ముక్క. పళ్ళు అరిగితే డ్రమ్ము మొత్తం మార్చాలి. ఖర్చు ఇక్కడే పెరుగుతుంది, ఆశ కూడా ఇక్కడే పుడుతుంది. పాత పళ్ళను లేతు మీద కోసేసి కొత్త రింగు ఎక్కించి వెల్డింగ్ పెట్టిస్తే సగం ఖర్చులో అయిపోతుందని ఎవరో ఒకరు చెప్తారు.

జవహర్ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సులనే విప్పి కొత్తవాటిలా చేసి ఇచ్చే పనివాళ్ళు ఉన్నారు, వాళ్ళ చేతి మీద నాకు అనుమానం లేదు. అయినా ఈ పని వద్దనే అంటాను. పోతను వెల్డింగ్ చేసిన చోట అది చల్లారేటప్పుడు కంటికి కనిపించని పగులు వస్తుంది. అదే ముక్క మీద బ్రేకు కూడా ఆధారపడి ఉంది. పగిలితే చైన్, బ్రేకు రెండూ ఒకేసారి పోతాయి. అవనిగడ్డ నుంచి కుటుంబాన్ని ఎక్కించుకుని ఈద్‌కు బెజవాడ వస్తున్నప్పుడు కాలవ గట్టు మీద అది జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బుల్లెట్ డ్రమ్ములు మార్కెట్లో ఇంకా దొరుకుతున్నాయి. కొత్తదే కొనండి. కొత్త డ్రమ్ముకు పాత బ్రేకు షూలు వెంటనే అతకవు, కాబట్టి మొదటి వంద కిలోమీటర్లు బ్రేకు మామూలంత పట్టదని అనుకునే నడపాలి.

యెజ్డీ, రాజ్‌దూత్‌లకు మాత్రం లేతు తప్పదు కొన్నిసార్లు. 2018లో జావా పేరుతో, 2022లో యెజ్డీ పేరుతో కొత్త బండ్లు వచ్చాయి కానీ వాటి సామాను మైసూరు బండ్లకు పట్టదు. పాత స్టాకు దొరక్కపోతే స్ప్రాకెట్ చేయించుకోవాలి. అప్పుడు టర్నర్‌ను అడగాల్సిన ప్రశ్న పళ్ళ సంఖ్య ఒక్కటే కాదు, పళ్ళకు గట్టిదనం పట్టించాడా లేదా అని కూడా అడగాలి. మామూలు ఇనుప పలకలో కోసిన పళ్ళు చూడ్డానికి మెరుస్తాయి, కొన్ని వేల కిలోమీటర్లకే కొక్కేలవుతాయి. పంటి పక్కన ఆకురాయి పెట్టి ఒక్కసారి గీరండి. వెన్నలా కోసుకుంటే మెత్తది. జారిపోతే గట్టిది. షాపులో కొన్న దానికి కూడా ఇదే పరీక్ష, ఎందుకంటే కంపెనీ డబ్బాలో నకిలీ సామాను పెట్టి అమ్మడం కొత్తేమీ కాదు.

కొందరు ఇదే అదనుగా ముందు 16 పళ్ళ బదులు 17 వేయించుకుంటారు. ఆరు శాతం దాకా ఇంజన్ తిరుగుళ్ళు తగ్గుతాయి, హైవే మీద హాయిగా ఉంటుంది. బరువులు వేసుకుని ఊళ్ళో తిరిగే బండికి మాత్రం ఇది పనికిరాదు. ప్రతిసారీ క్లచ్ జార్చి కదల్చాలి, ఆ భారం ప్లేట్ల మీద పడుతుంది.

రబ్బర్లు

మొదట చెప్పిన ఆ 'టక్' శబ్దానికి చాలాసార్లు అసలు దోషి వెనక హబ్‌లోని రబ్బర్లే. పరీక్ష సులువు. సెంటర్ స్టాండ్ వేసి, ఒకరు వెనక బ్రేకు గట్టిగా నొక్కి పట్టుకుంటే ఇంకొకరు టైరును ముందుకీ వెనక్కీ ఊపాలి. బుల్లెట్‌లో స్ప్రాకెట్, డ్రమ్ము ఒకటే కాబట్టి బ్రేకు నొక్కితే రెండూ ఆగిపోతాయి. అయినా టైరు ఖాళీగా కదిలి 'టక్' మంటే మధ్యలో ఉన్న రబ్బర్లు ఎండిపోయాయి. కొత్తవి దూర్చడానికి సబ్బు నీళ్ళు రాయండి. గ్రీజు, ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బి కుళ్ళిపోతుంది. మొత్తం సెట్‌లో ఇదే చవకైన సామాను, చైన్ ఆయుష్షును ఎక్కువగా కాపాడేదీ ఇదే.

బుడమేరు నీళ్ళు తాగిన బండ్లు

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వీధులు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు మునిగిన బండ్లకు లెక్కలేదు. చాలామంది ఇంజన్ ఆయిల్ మార్పించి, కార్బురేటర్ కడిగించి నడుపుకున్నారు. ఆ హడావుడిలో ప్రైమరీ కేసు, వెనక హబ్ ఎవరికీ గుర్తురాలేదు. మీ బండి అప్పుడు మునిగి ఉంటే ఇప్పటికైనా ప్రైమరీ ఆయిల్ కొద్దిగా తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు ఇంకా అందులోనే ఉన్నాయి. చైన్ రోలర్ల పక్కన ఎర్రటి పొడి కనిపిస్తే, కొన్ని లింకులు వంచితే వంగకుండా మొండికేస్తే, ఆ చైన్ లోపల పిన్నులు తుప్పు పట్టాయి. పైన ఎంత గ్రీజు పూసినా లోపలికి పోదు. హబ్ విప్పితే రబ్బర్ల గదిలో ఒండ్రు మట్టి గట్టిపడి ఉండొచ్చు.

బిగించేటప్పుడు

కొత్త చైన్ లాక్ క్లిప్‌కు మూసి ఉన్న వైపు చైన్ పరిగెత్తే దిక్కుకు ఉండాలి. పై వరుసలో చూస్తే మూసిన ముక్కు ఇంజన్ వైపు. తిరగేసి పెడితే ఏ రాయో తగిలి క్లిప్ ఊడిపోతుంది. ఊడిన చైన్ రోడ్డు మీద పడితే అదృష్టం. స్ప్రాకెట్ దగ్గర చుట్టుకుంటే కేసు పగులుతుంది, చక్రం బిగుసుకుని బండి పడిపోతుంది.

బిగువు కింది వరుస మధ్యలో దాదాపు అంగుళం ఊగేలా ఉంచాలి. చక్రాన్ని తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, ఎక్కడ అన్నిటికన్నా బిగువుగా ఉందో అక్కడ కొలవాలి. బండి మీద మనిషి కూర్చున్నాక కూడా ఆ ఊపు మిగలాలి. బుల్లెట్‌లో ఇరుసుకు రెండు పక్కలా నత్త గుల్ల ఆకారంలో గాట్లున్న బిళ్ళలు ఉంటాయి, రెండింటినీ ఒకే గాటులో పెట్టాలి. ఒక గాటు తేడా వచ్చినా చక్రం వంకరగా నిలిచి స్ప్రాకెట్ పళ్ళ పక్కలు అరుగుతాయి.

శుభ్రం చేయడానికి కిరోసిన్, బ్రష్ చాలు. తర్వాత తుడిచి 90 గేర్ ఆయిల్ సన్నగా రాసి, మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. ఇంజన్ నుంచి తీసిన నల్ల ఆయిల్ రాయడం మన దగ్గర పాత అలవాటు. అందులో ఇనుప పొడి ఉంటుంది, మందు అనుకుని ఇసుక పూసినట్టు. ఇంకో ముఖ్యమైన మాట: ఇంజన్ స్టార్ట్ చేసి గేర్ వేసి, తిరుగుతున్న చైన్‌కు గుడ్డ పెట్టొద్దు. గుడ్డ లాక్కుంటే వేలు దానితోపాటే పోతుంది. చేత్తో చక్రం తిప్పుకుంటూ చేసుకోండి, ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది అంతే.

కవరు తిరిగి పెట్టించండి

పాత యెజ్డీలో చైన్ మొత్తం రేకు డబ్బా, రబ్బరు గొట్టాల లోపల నడుస్తుంది. దుమ్ము చేరదు, చైన్ చాలా కాలం వస్తుంది. బుల్లెట్‌కు పైన గార్డు ఉంటుంది. రెస్టోరేషన్ పేరుతో ఇప్పుడు కుర్రాళ్ళు మొదట పీకి పడేసేవి ఇవే, దాంతోపాటు పక్కన ఉండే చీర గార్డు కూడా. బండి ఫొటోలో బాగుంటుంది, నిజమే. వెనక కూర్చునేది అమ్మో, చెల్లెలో. బుర్ఖా అంచు, చున్నీ, చీర కొంగు ఒక్కసారి తెరిచి ఉన్న చైన్‌కు అందితే లాక్కోవడానికి క్షణం పట్టదు. మెడకు చుట్టుకున్న చున్నీ అయితే ఇక ఆలోచించలేం. వెనక కూర్చునేవాళ్ళకు చేతిపట్టు, కాలు పెట్టుకునే చోటు, వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెప్తోంది. చైన్ సెట్ మార్పించిన రోజునే పాత గార్డు ఇంట్లో ఎక్కడుందో వెతికి తెచ్చి బిగించమనండి.

కాగితాల గురించి ఒక సందేహం తరచూ వస్తోంది. వింటేజ్ బండికి సామాను మారిస్తే రిజిస్ట్రేషన్ పోతుందా అని. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండినే వింటేజ్ అంటారు. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి, రోజూ రోడ్డు మీద తిప్పడానికి దానికి అనుమతి ఉండదు. చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేయకూడదన్నదే అక్కడి షరతు. చైన్, స్ప్రాకెట్, క్లచ్ ప్లేట్లు, రబ్బర్లు అరుగుదల సామాన్లు, వాటి మార్పు దీని కిందకు రాదు. మనలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి ఎనభైలు, తొంభైల బండ్లు. అవి మామూలు పాత బండ్లే, 15 ఏళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుని నడుపుకోవచ్చు.

కొత్త సెట్ వేయించాక మొదటి 300 కిలోమీటర్లలో చైన్ కొద్దిగా వదులవుతుంది, పిన్నులు కుదురుకుంటున్నాయన్నమాట. అప్పుడు ఒకసారి బిగువు చూసి సరిచేసుకోండి. అదే రోజు ఇనుప టేపుతో 24 పిన్నుల కొలత, ఓడోమీటర్ అంకె ఒక కాగితం మీద రాసి ఆర్‌సీ కవర్‌లో పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత మళ్ళీ కొలిచినప్పుడు పోల్చి చూసుకోవడానికి ఆ కాగితమే కావాలి.